ఉపాధ్యాయ సంఘ నాయకుడిగా స్థిరపడటం ఎలా? యూపీ స్కూలు మాస్టార్లకు 15 చిట్కాలు

డీఎస్సీ కొట్టారు. ప్రొబేషన్ డిక్లేర్ అయింది. పెళ్లయింది, టౌన్లో ప్లాటు కొన్నారు. ఇక జీవితంలో మిగిలింది నాయకత్వమే. పాఠాలు చెప్పుకునే మాస్టారికి ముప్ఫై ఏళ్ల సర్వీసు చివర ఒక శాలువా కప్పుతారు. నాయకుడికి నెలకొకటి కప్పుతారు. లెక్క మీకే అర్థమైపోయి ఉంటుంది. కింది చిట్కాలు వరసగా పాటించండి. పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. సుద్దముక్క పక్కన పెట్టగలిగితే సగం పని అయినట్టే.

1. తగిన స్కూలు కోరుకోండి

హైస్కూలు వద్దు. అక్కడ పదో తరగతి ఉంటుంది. ఫలితాలొస్తాయి, రివ్యూ మీటింగు పెడతారు, మీ సబ్జెక్టులో ఎందరు తప్పారని నలుగురి ముందు నిలబెట్టి అడుగుతారు. ప్రైమరీ కూడా వద్దు. ఒకటో తరగతి పిల్లాడు ఏడుస్తూ ఇంటికెళితే తల్లి గేటు దాకా వస్తుంది. యూపీ స్కూలు, అంటే అప్పర్ ప్రైమరీ, కోరుకోండి. ఆరు, ఏడు, ఎనిమిది. ఆ వయసు పిల్లలు ఇంట్లో ఏమీ చెప్పరు, పైవాళ్లు ఏమీ అడగరు. భిన్నాలు రాలేదన్న సంగతి తొమ్మిదో తరగతిలో హైస్కూలు లెక్కల మాస్టారు కనిపెడతారు. అప్పటికి తప్పు ఆయనది.

ఇంకో లాభం కూడా ఉంది. ఈ బళ్లకు పేరు నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 వచ్చి ప్రీ హైస్కూలు అంది. 2025లో ఆ జీవో పోయి మళ్లీ యూపీ స్కూలైంది. పేరు మారినప్పుడు ఒక ఖండన, తిరిగి మారినప్పుడు ఒక స్వాగతం. బోర్డు రంగు ఆరకముందే మీకు రెండు ప్రెస్ నోట్లు.

2. రసీదు బుక్కు ముందు, సిద్ధాంతం తర్వాత

సభ్యత్వం అడగకండి, రాసేయండి. మధ్యాహ్నం బాక్సులు విప్పే వేళకు స్టాఫ్‌రూములోకి వెళ్లండి. చేతిలో ముద్ద ఉన్న మనిషి వాదించడు. పేరు రాసి, రసీదు చించి, అప్పుడు చెప్పండి: "మేడమ్, మీది రాసేశానండీ. చించిన రసీదు మళ్లీ అతికించలేం కదా." ఆవిడ ఇప్పటికే ఇంకో సంఘంలో ఉన్నానంటే, "అదీ ఉంచండి, ఇదీ ఉంచండి. ఏ పనికి ఎవరు అక్కరకొస్తారో" అనండి.

సభ్యుల్లో మహిళలు ఎందరైనా ఉండనివ్వండి, చందా చందాయే. పదవుల దగ్గర మాత్రం ఒక మహిళా కార్యదర్శి పోస్టు చాలు. కార్యవర్గ సమావేశం ఆదివారం సాయంత్రం ఏడింటికి జిల్లా కేంద్రంలో పెట్టండి. ఆవిడ రాలేదని మినిట్స్‌లో రాయండి. "మహిళలు ముందుకు రావడం లేదు" అని మహాసభలో బాధపడండి.

3. క్లాసు దాటే విద్య నేర్వండి

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది. కంగారు పడకండి. ఆ లెక్క బడికి, మీకు కాదు. లంచ్ అయ్యాక సోషల్ మేడమ్ దగ్గరికి వెళ్లి ఇలా చెప్పండి: "కాస్త మా సెవెన్త్ క్లాసు కూడా చూస్కోండమ్మా. మీ ఇంక్రిమెంటు పని మీదే ఎంఈవో ఆఫీసుకు వెళ్తున్నా." ఆవిడ ఇంక్రిమెంటు కిందటి నెల బిల్లులోనే వచ్చేసి ఉంటుంది. ఆ సంగతి ఆవిడకు గుర్తొచ్చేలోపు మీ బండి మెయిన్ రోడ్డెక్కాలి.

అదే చట్టంలో సెక్షన్ 27 ఉంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని చెబుతుంది. దీన్ని ప్రతి సభలో గొంతెత్తి చదవండి. మండలం మొత్తం మీద పూర్తికాలం బోధనేతర పని చేస్తున్న టీచరు మీరేనన్న సంగతి ఎవరికీ తట్టదు. తట్టినా మైకు మీ చేతిలో ఉంటుంది.

4. ముఖ హాజరును ఆత్మగౌరవ సమస్య చేయండి

పాత రోజులు బంగారం. సోమవారం వచ్చి వారానికి సరిపడా సంతకాలు పెట్టుకునే సౌకర్యం రిజిస్టరులో ఉండేది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో, 2025లో తెలంగాణలో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్‌లు వచ్చిపడ్డాయి. మీరు నేరుగా "నాకు ఇబ్బంది" అనకూడదు. ఏజెన్సీ గూడెంలో సిగ్నలు కోసం చెట్టెక్కే టీచర్ని ముందు పెట్టండి. ఆమె కష్టం నిజమైనదే, అందుకే బాగా పనిచేస్తుంది. "సొంత ఫోను, సొంత డేటా, ఇదెక్కడి న్యాయం?" అనండి. అదీ నిజమే. రెండు నిజాల చాటున ఒక అబద్ధం హాయిగా తల దాచుకుంటుంది.

ఆమె ఊరికి నెట్‌వర్క్ టవరు కావాలని మాత్రం అడగొద్దు. టవరు వస్తే ఉదాహరణ పోతుంది.

5. వినతిపత్రం ఇచ్చే కళ

డీఈవో ఛాంబరు దగ్గర "నలుగురే వెళ్లండి" అని అటెండరు అంటాడు. పద్నాలుగు మంది దూరండి. కాగితం ఎడమ అంచు మీరు, కుడి అంచు డీఈవో పట్టుకోవాలి. ఆయన చేతికి అందగానే వదిలేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. అందరి ఫోన్లూ క్లిక్‌మనే దాకా బిగించి పట్టుకోండి. ఆయన లాగినా వదలొద్దు. చూపు కాగితం మీద కాదు, కెమెరా మీద ఉండాలి. జిల్లా కార్యదర్శి మీ భుజం మీంచి తల ముందుకు చాపితే ఏమీ అనకండి. క్రాప్ చేసేటప్పుడు చెవి దాకా కోసేయొచ్చు.

లోపలి విషయానికి నిరుటి వినతిపత్రమే వాడండి. తేదీ మార్చండి. బదిలీపై వెళ్లిపోయిన పాత డీఈవో పేరు కూడా మార్చితే మంచిది. ప్రెస్ నోటు నమూనా ఇదిగో: "ఉపాధ్యాయుల దీర్ఘకాలిక సమస్యలను డీఈవో దృష్టికి తీసుకువెళ్లగా ఆయన సానుకూలంగా స్పందించారు." సానుకూలంగా అంటే ఏమిటని విలేకరి అడగడు. ఆయన తల పైకీ కిందికీ ఆడించి ఉంటారు, లేదా ఫ్యాను కింద కాగితం ఆడి ఉంటుంది. రెండూ ఒకటే.

జనవరిలో క్యాలెండర్, డైరీ ఆవిష్కరణలు మర్చిపోకండి. ఒకే క్యాలెండర్‌ను ఎమ్మెల్యే, కలెక్టరు, డీఈవో, తహసీల్దారు, ఎస్సై విడివిడిగా ఆవిష్కరించవచ్చు. సంక్రాంతి దాకా క్లాసు జోలికి వెళ్లనక్కర్లేదు.

6. డీఏ మీరే తెచ్చారని చెప్పండి

ధరలు పెరిగితే డీఏ పెరుగుతుంది. ప్రభుత్వం ఎంత ఈడ్చినా ఏదో ఒక రోజు జీవో ఇస్తుంది. మీరు చేయాల్సిందల్లా మెసేజి ముందే టైపు చేసి పెట్టుకోవడం: "మన సంఘం నిరంతర పోరాట ఫలితంగా __ శాతం డీఏ మంజూరు." శాతం దగ్గర ఖాళీ వదలండి. జీవో నెంబరు బయటికొచ్చిన మరుక్షణం నింపి అన్ని గ్రూపుల్లో వేయండి. ఆలస్యమైతే పక్క సంఘం పోరాట ఫలితమైపోతుంది.

తర్వాత ముఖ్యమంత్రి చిత్రపటానికి పాలాభిషేకం. పాలు మధ్యాహ్న భోజనం వంటమ్మ చేత తెప్పించండి, డబ్బులు తర్వాత చూద్దామనండి. బకాయిలు ఎప్పుడిస్తారో, ఎన్ని వాయిదాల్లో ఇస్తారో ఆ మెసేజిలో రాయకండి. సంతోషం పూట లెక్కలెందుకు?

7. ఉద్యమానికి మెట్లు ఎక్కువ పెట్టండి

మొదట నల్లబ్యాడ్జీలు. తర్వాత లంచ్ అవర్ నిరసన. అన్నం తిన్నాక గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే సరి. తర్వాత తహసీల్దారుకు వినతి, కలెక్టరేట్ దగ్గర ధర్నా, రిలే దీక్షలు. చిట్టచివర చలో రాజధాని. మెట్టుకూ మెట్టుకూ మధ్య మూడు వారాలు ఉంచండి. నాలుగో మెట్టుకు చేరేసరికి దసరా సెలవులో, పరీక్షలో, ఎన్నికల కోడో తప్పక వస్తుంది. "విద్యార్థుల ప్రయోజనాల దృష్ట్యా వాయిదా వేస్తున్నాం" అనండి. ఏడాది మొత్తంలో పిల్లలు మీకు అక్కరకొచ్చే సందర్భం ఇదొక్కటే.

చివరి మెట్టు మాత్రం నిజంగా ఎక్కొద్దు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఏమైందో తెలుసుగా. మధ్యంతర భృతి 27 శాతం అందుతుండగా పీఆర్సీ ఫిట్‌మెంట్ 23 శాతమే అన్నారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు పిలుపిస్తే, దారిపొడవునా పోలీసులు ఆపినా టీచర్లూ ఉద్యోగులూ వేలల్లో వచ్చి బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేశారు. నాయకుడికి అంతకు మించిన గండం లేదు. రెండు రోజుల్లో చర్చలు ముగిశాయి. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. అంత జనాన్ని చూశాక, అంత తక్కువ తెచ్చాక, స్టాఫ్‌రూములోకి వెళ్లి రసీదు బుక్కు తీయడానికి ఎంత గుండె కావాలి? నల్లబ్యాడ్జీలే నయం. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

8. సమస్యను తీరనివ్వకండి

తీరిన సమస్య ఎవరికీ పనికిరాదు. సీపీఎస్ పెన్షన్ విధానం చూడండి. 2004 సెప్టెంబరు 1న మొదలైంది. ఏటా ఆ తేదీన నిరసన దినం. బ్యానరు ఒకసారి రాయిస్తే చాలు, ఏడాది అంకె మీద స్టిక్కరు మారుస్తూ పోవచ్చు. సమస్యతో పాటే సర్వీసులోకి వచ్చిన కుర్రాళ్ల జుట్టు నెరుస్తోంది, బ్యానరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఏకీకృత సర్వీసు రూల్స్ ఇంకా మేలైన సరుకు. ప్రభుత్వ టీచర్లూ పంచాయతీరాజ్ టీచర్లూ ఒకే గొడుగు కిందికి రావాలా వద్దా అన్న తగవు దశాబ్దాలుగా కోర్టుల్లో నలుగుతోంది. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినా తెమల్లేదు. ఎంఈవో కుర్చీల్లో ఏళ్ల తరబడి ఇన్‌చార్జులే కూర్చున్నారు. మీరు ప్రభుత్వ టీచర్ల సభలో ఒక మాట, పంచాయతీరాజ్ టీచర్ల సభలో ఒక మాట చెప్పండి. రెండు సభలూ ఒకే రోజు ఒకే ఊళ్లో పెట్టకుండా చూసుకుంటే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మండలానికి ఇద్దరు ఎంఈవోలు. పని ఎవరిదని ఒకరినొకరు చూపించుకుంటారు. మధ్యలో తిరిగే మీకు ఇద్దరి దగ్గరా టీ.

9. సభ్యుల ఫోన్లు ఎత్తే పద్ధతి

మొదటిసారి ఎత్తకండి. రెండోసారి ఎత్తి, పక్కన హారన్ల మోత ఉన్న చోట నిలబడి మాట్లాడండి.

"అన్నా నమస్తే. మా నాన్నగారి ఆపరేషన్ మెడికల్ బిల్లు సంగతి..."

"తమ్ముడూ, సరిగ్గా దాని మీదే ఉన్నా. ఇప్పుడే డీఈవో ఆఫీసు మెట్లెక్కుతున్నా."

"ఫైలు ఎంఈవో ఆఫీసులోనే ఉందంట కదన్నా."

"అదే, అక్కడికే వెళ్తున్నా. ఇంతకీ ఈ ఏడు రసీదు రాయించుకున్నావా?"

చివరి ప్రశ్న పడగానే అవతలివాళ్ల గొంతు తగ్గుతుంది. ఫైలు దానంతటది కదిలితే ఫోన్ చేసి "చేయించాను" అనండి. కదలకపోతే ట్రెజరీలో సర్వరు డౌన్ అనండి. రెండూ కుదరకపోతే పక్క సంఘంవాళ్లు అడ్డుపడ్డారనండి. ఫైలులో తక్కువైన కాగితం ఏమిటో కనుక్కుని చెప్పే తప్పు ఎన్నటికీ చేయకండి. అలా చెబితే ఆ మనిషి తన పని తానే చేసుకోవడం నేర్చుకుంటాడు. వచ్చే ఏడు మీకు ఫోను చేయడు.

10. బదిలీల సీజన్ మన పంట

ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బదిలీలకు 2025లో చట్టమే చేశారు. ఒకచోట టీచరు ఎనిమిదేళ్లు, హెడ్మాస్టరు ఐదేళ్లు నిండితే కదలాల్సిందే. చట్టం ఎంత బిగిస్తే నాయకుడికి అంత గిరాకీ. ప్రతి టీచరుకూ తన పాయింట్ల లెక్క మీద ఏదో ఒక అనుమానం ఉంటుంది. స్పౌజ్ పాయింట్లు, నాలుగో కేటగిరీ పాయింట్లు, ప్రిఫరెన్షియల్ కేటగిరీ అంటూ ఆ అనుమానాన్ని పెంచండి. జీవో మొత్తం చదివించకండి. "పేజీ ఏడులో మెలిక ఉంది, నేను మాట్లాడతా" అనండి. జీవో ఆరు పేజీలే అయినా పర్వాలేదు.

గుర్తింపు ఉన్న సంఘాల బాధ్యులకు అదనపు పాయింట్లుంటాయి. అసలు నాయకత్వంలోకి రావడానికి ఇంతకన్నా గొప్ప ఆశయం వెతక్కండి. తెలంగాణలో కొందరు టీచర్లు వీటి మీద కోర్టుకెక్కితే, 2023లో హైకోర్టు ఆ పాయింట్లు లేకుండానే బదిలీలు జరపమంది. ఆ వార్త మీ గ్రూపులో ఎవరైనా వేస్తే వెంటనే "అడ్మిన్లు మాత్రమే" సెట్టింగు పెట్టండి. అయినా భయం లేదు. బదిలీ అయ్యాక పని సర్దుబాటు అనే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొండ మీద బడికి పోస్టింగు తీసుకుని పాయింట్లు కొట్టండి, సర్దుబాటు మీద టౌనుకు వచ్చేయండి. కొండ మీది పిల్లలకు సర్దుకుపోవడం అలవాటే.

11. టెట్ సంగతి నాకొదిలేయండి అనండి

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్న ఇన్‌సర్వీస్ టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకపోయినా కొనసాగవచ్చు కానీ ప్రమోషను ఉండదు. ఇరవై ఏళ్లు తెలుగు చెప్పిన పండితుడు మళ్లీ పిల్లల మనస్తత్వ శాస్త్రం బట్టీ పట్టాలి. నిద్ర పట్టని టీచర్లు మీకు ఫోన్ చేస్తారు.

అందరికీ ఒకటే చెప్పండి: "పుస్తకం ముట్టుకోవద్దు. రివ్యూ పిటిషన్ మనం చూసుకుంటాం. ఢిల్లీ స్థాయిలో కదిలిస్తున్నాం." లాయరు ఫీజు కింద తలా ఇంత అని వసూలు మొదలుపెట్టండి. ఎవరైనా సంఘం ఆఫీసులో సాయంత్రాలు కోచింగు పెడదామంటే వాళ్లను పోరాట ద్రోహులనండి. ఈలోగా పక్క ఊరి పుస్తకాల షాపులో టెట్ గైడు కొనుక్కుని, అట్ట మీద పాత పేపరు చుట్టి, మీరు మాత్రం రాత్రిపూట చదువుకోండి. గడువు నాటికి మీరు పాసై, వాళ్లు పిటిషన్‌లో ఉంటే అంతకన్నా స్పష్టమైన నాయకత్వం ఏముంటుంది?

12. బడిబాటలో ముందు నడవండి

జూన్‌లో బడిబాట వస్తుంది. ఫ్లెక్సీ పట్టుకుని ముందు వరసలో నడవండి. "సర్కారు బడి, చదువుల గుడి" వంటి నినాదం ఏదైనా అందుకోండి. నడక మొదలయ్యే ముందు మీ అబ్బాయిని కార్పొరేట్ స్కూలు బస్సెక్కించడం పూర్తి చేయండి. రెండు కార్యక్రమాలూ ఒకే వీధిలో ఎదురుపడితే బాగోదు.

ఊళ్లో ఎవరైనా ముఖం మీదే అడిగితే సమాధానాలు తయారుగా ఉంచుకోండి. "మా ఆవిడ పట్టుబట్టిందండీ." "వాడికి ఐఐటీ మీద మక్కువ." "మా స్కూల్లో సైన్సు టీచరు లేడు కదా." మూడోది చాలా జాగ్రత్తగా వాడండి. సైన్సు టీచరు మీరే అయితే అస్సలు వాడకండి.

13. మండలి మీద చూపు నిలపండి

శాసనమండలిలో ఆంధ్రప్రదేశ్‌లో 58 స్థానాలకు 5, తెలంగాణలో 40కి 3 ఉపాధ్యాయ నియోజకవర్గాలున్నాయి. నాయకుడి స్వర్గం అక్కడే. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం, సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు బోధించినవారికే అక్కడ ఓటు. అంటే ప్రైమరీ, యూపీ స్కూలు టీచర్లకు లేదు.

కొత్తవాళ్లు దీన్ని అన్యాయం అనుకుంటారు. వరం అనుకోండి. చందా ఇచ్చేవాళ్లు ఒకరు, ఓటు వేసేవాళ్లు ఇంకొకరు. చందాదారులకు జవాబు చెప్పక్కర్లేదు, ఓటర్ల దగ్గర చందా పుస్తకం తీయక్కర్లేదు. "యూపీ స్కూలు టీచర్లకూ ఓటు హక్కు" అన్న డిమాండును మాత్రం మేనిఫెస్టోలో పదకొండో అంశంగా ఉంచండి. దానికి రాజ్యాంగ సవరణ కావాలి కాబట్టి ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. ప్రైవేటు, కార్పొరేటు విద్యాసంస్థల టీచర్లకు కూడా ఓటుంటుంది. వాళ్లను బూత్‌కు పంపేది యాజమాన్యాలు. అందుకని ఫీజుల దోపిడీ మీద ఉపన్యాసాలు పోలింగుకు ఆరు నెలల ముందే ఆపేయండి.

14. ఓడిపోతే చీల్చండి

మహాసభలో అధ్యక్ష పదవి మీకు రాకపోతే ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని ప్రకటించి బయటికి రండి. వచ్చేటప్పుడు మైకు సెట్టు, లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపు తెచ్చుకోండి. అదే పేరు పెట్టండి, రిజిస్ట్రేషన్ నెంబరు ఒక్కటి మారితే చాలు. మాదే అసలు సంఘమని ఇద్దరూ కోర్టుకెళ్లండి. అప్పటి నుంచి మీ ప్రెస్ నోట్లకు ప్రభుత్వం అవసరమే ఉండదు. పాత మిత్రుడి మీద రోజుకొకటి రాసుకోవచ్చు. అధికారులకు కూడా మీ మీద ప్రేమ పెరుగుతుంది. ఒకే డిమాండుతో ఐదు సంఘాలొస్తే ఐదుగురికీ టీ ఇచ్చి పంపేయొచ్చు కదా.

జమాఖర్చులు అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లను ఆడిట్ కమిటీలో వేసి, ఆ కమిటీని ఎన్నడూ పిలవకండి. రిటైర్మెంటు వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. అది ఉద్యోగానికే, నాయకత్వానికి కాదు. రిటైరైన మర్నాడు గౌరవాధ్యక్షుడు కండి. ఆ పదవికి బై-లాలో వయసు రాయకుండా ఇప్పుడే చూసుకోండి.

15. ఫలితాలను ధైర్యంగా అందుకోండి

పై చిట్కాలన్నీ పాటిస్తే విజయం ఖాయం. మొదటి గుర్తు, ఊళ్లోకి పసుపు బస్సు రావడం. ఆరో తరగతిలో పదకొండు మంది, ఏడులో తొమ్మిది మంది మిగులుతారు. ముప్ఫై ఐదుగురికి ఒక టీచరు అని చట్టంలో ఉన్న లెక్క పిల్లలు ఉన్నంతసేపే మన పక్షం. పిల్లలు పోయాక అదే లెక్క రేషనలైజేషన్ పేరుతో తిరిగి వస్తుంది. పోస్టులు మిగులు తేలతాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు పక్క ఊరి హైస్కూలుకు పోతాయి, మీ బడి ప్రైమరీగా దిగుతుంది. రోజూ మీ సెవెన్త్ క్లాసు కూడా చూసుకున్న సోషల్ మేడమ్ యాభై కిలోమీటర్ల అవతల తేలుతుంది. ఆడపిల్లలు కొందరు పక్క ఊరికి నడవలేక ఇంట్లోనే ఆగిపోతారు.

బెంబేలు పడకండి. విలీనాన్ని తీవ్రంగా ఖండించండి. బడి గేటు ముందు ప్లకార్డుతో ఫొటో దిగండి. అటు వెళ్లి చాలాకాలమై ఉంటుంది కాబట్టి దారి ముందే కనుక్కోండి.

తర్వాత సభ్యులు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. ఒక్కరే సభ్యుడున్న సంఘంలో వర్గాలుండవు, అసమ్మతి ఉండదు, లెక్కలడిగేవాళ్లుండరు. ఎన్నిక ఏకగ్రీవం, తీర్మానాలన్నీ ఏకగ్రీవం, సర్వసభ్య సమావేశానికి టీ ఒక్కటి చాలు. కార్యవర్గం ముఖాలన్నీ ఇరికించలేక ఇన్నాళ్లూ అవస్థపడిన క్యాలెండర్‌లో ఇప్పుడు బోలెడంత చోటు. ఆలస్యం చేయకుండా స్టూడియోకు వెళ్లండి. పన్నెండు నెలలకు పన్నెండు భంగిమలు దిగండి.